సెలైన్ ఎక్కించి సరిపెట్టొద్దు, కారణం తేల్చండి

కొంట, దోర్నపాల్, భోపాలపట్నం, బీజాపూర్, జగదల్‌పూర్‌లలో ఉంటున్న తెలుగువాళ్ళకూ, మన ఇరుగుపొరుగు దోర్ల, గోండు, హల్బా కుటుంబాలకూ ఈ విన్నపం.

ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు వాంతులు. పెళ్ళి భోజనం తిన్న ఊరికి ఊరే విరేచనాలతో మంచం పట్టడం. ఏటా వింటున్నాం. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తారు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిలో పెడతారు. అధికారులు వచ్చి వంటగది చూసి వెళ్తారు. మర్నాడు పేపర్లో ‘ఫుడ్ పాయిజనింగ్ అని అనుమానం’ అని పడుతుంది. అక్కడితో సరి. ఏ వంటకం, ఏ నీళ్ళు, ఎక్కడ జరిగిన పొరపాటు అన్నది ఎవరూ తేల్చరు. తేల్చనందువల్లే అదే నూనె, అదే గిన్నె, అదే చేతిపంపు మళ్ళీ వాడుకలోకి వస్తాయి.

మేం అడిగేది ఇది. ఒకే చోట తిన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు జబ్బుపడిన వెంటనే, ఆ పూటే, ఎవరేం తిన్నారో కాగితం మీద పడాలి. వండినదాంట్లో కొంత దాచి పరీక్షకు పంపాలి. తేలిన కారణం ఊరందరికీ వాళ్ళ భాషలో చెప్పాలి.

2024 డిసెంబరులో బీజాపూర్ జిల్లా ధనోరాలోని మాతా రుక్మిణి ఆశ్రమంలో ముప్పై మందికి పైగా ఆడపిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. మూడో తరగతి చదివే చిన్నారి ప్రాణం పోయింది. 2025 అక్టోబరులో అబూజ్‌మడ్‌లోని ఒక పల్లెలో దినాల భోజనం తర్వాత, వారం తిరక్కుండానే ఐదుగురు చనిపోయినట్టు వార్తలొచ్చాయి. రోడ్డు సరిగా లేని అలాంటి ఊళ్ళకు వైద్య బృందం చేరేసరికి గిన్నెలు కడిగేసి ఉంటాయి, మిగిలింది పారబోసి ఉంటారు. ఇక పరీక్ష దేనికి చేస్తారు?

ఇదే బస్తర్‌లో ప్రాణాలు నిలబెట్టిన సంగతి కూడా ఒకటుంది. 2025 ఆగస్టులో సుక్మా జిల్లా ఛింద్‌గఢ్ బ్లాక్ పాకేలా ఆవాసీయ విద్యాలయంలో నాలుగు వందల మందికి పైగా పిల్లల కోసం వండిన కూరలో ఫినాయిల్ వాసన వచ్చింది. వడ్డించకముందే పసిగట్టారు కాబట్టి పిల్లలు బతికిపోయారు. హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో కూడా నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పింది. ఆమె మాట వినలేదు. 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉందని తర్వాత పరీక్షలో తేలింది. వడ్డించే ముందు పెద్దవాళ్ళొకరు రుచి చూడాలన్న నియమం మధ్యాహ్న భోజనానికి ఉండనే ఉంది. రుచి చూసినవాళ్ళ సంతకం, టైము రోజూ రిజిస్టర్‌లో పడుతున్నాయా అని మీ ఊరి బడికి వెళ్ళి అడగండి. అడిగే హక్కు తల్లిదండ్రులది.

కారణం పట్టుకోవడం పెద్ద డాక్టర్లకే చేతనవుతుందని అనుకోవద్దు. కొన్నేళ్ళ కిందట శ్రీరామనవమికి మా వీధివాళ్ళం జీపులు మాట్లాడుకుని భద్రాచలం వెళ్ళాం. కల్యాణం అయ్యాక కరకట్ట మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. రెండు మూడు గంటలు గడిచాయో లేదో, ఒక్కొక్కరుగా వాంతులు మొదలయ్యాయి. నేనూ పడ్డాను. కడుపులో పేగులు మెలిపెట్టినట్టు, నిలబడితే కళ్ళు తిరుగుతూ. జ్వరం మాత్రం ఎవరికీ లేదు. గోదావరి నీళ్ళు తాగబట్టే ఇలా అయిందని అందరం ఒకే మాట అనేశాం.

మాతో వచ్చిన కాంపౌండర్ బాబాయి ఒక్కడే ఆ మాట ఒప్పుకోలేదు. శుభలేఖ వెనకవైపు గీతలు గీసి, ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి అడిగాడు: ‘ఏం తిన్నావురా? ఎన్నింటికి తిన్నావు? వాంతి ఎన్నింటికైంది?’ బాగున్నవాళ్ళను కూడా వదల్లేదు. ఉపవాసం ఉన్న నాయనమ్మ అవే నీళ్ళు తాగింది, ఆమెకేమీ కాలేదు. కారంగా ఉందని పులిహోర పక్కన పెట్టి బన్ను తిన్న పిల్లలకూ ఏమీ కాలేదు. కాబట్టి నీళ్ళు కావు. పులిహోర తిన్నవాళ్ళలోనూ కొందరు గట్టిగానే ఉన్నారు. ఊరికి వచ్చాక వంట చేసిన అక్కను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే తేలింది. రాత్రి రెండు గుండిగల అన్నం వండారు. ఒకదాన్ని చాప మీద ఆరబోశారు. పొద్దుపోయిందని రెండోదాన్ని గంపలో కుప్పగా పోసి తడిగోనె కప్పేశారు. తెల్లవారుజామున పోపు కలపడానికి చెయ్యి పెడితే గంప నడుమ ఇంకా గోరువెచ్చగానే ఉందట.

అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి ఉంది. దాని బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న ఒక గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. మా అన్నాన్ని ఎవరూ పరీక్షకు పంపలేదు కాబట్టి అది ఆ క్రిమే అని ఖాయంగా అనలేను. కానీ ఏ గంప అన్నమో, ఎందుకు పాడయిందో తెలిసింది. ఆ అక్కను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు మా వీధిలో ఏ వంటకైనా అన్నం పలచగా ఆరబోసి ఉంటుంది.

బాబాయి చేసిన పనినే వైద్య కళాశాలల్లో పాఠంగా చెబుతారు. 1940 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో దగ్గర ఒక చర్చి విందు తర్వాత చాలామంది జబ్బుపడ్డారు. 75 మందిని కలిసి విందులో ఏమేం తిన్నారో అడిగారు. జబ్బుపడినవాళ్ళు 46 మంది. వెనీలా ఐస్‌క్రీం తిన్న 54 మందిలో 43 మందికి జబ్బు చేసింది, తినని 21 మందిలో ముగ్గురికే చేసింది. మిగతా వంటకాలను అనుమానించే పని లేకుండా పోయింది. బాగున్నవాళ్ళను కూడా అడగబట్టే ఇది తేలింది. మన దగ్గర మాత్రం మంచం మీద ఉన్నవాళ్ళను తప్ప ఎవరినీ అడగరు.

టైము రాయడం మరీ ముఖ్యం. నిమిషాల్లోనే నోట నురగ, చెమటలు, చూపు మసకబారడం కనిపిస్తే పురుగుమందును అనుమానించాలి, క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. కొన్ని గంటల్లో వాంతులైతే నిలవ అన్నం, పాలు, మిఠాయి లాంటివి. పెద్ద డేగిశాలో వండి పొయ్యి దించి వదిలేసిన మాంసం కూరైతే సాధారణంగా ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. జ్వరంతో, నొప్పితో మర్నాటికి విరేచనాలైతే సాల్మొనెల్లా లాంటివి. నీళ్ళ వల్ల వచ్చే ఎ రకం కామెర్లు బయటపడటానికి సుమారు నెల పడుతుంది, అప్పటికి ఎక్కడ ఏం తాగామో మనకే గుర్తుండదు. ఇక వానాకాలపు పుట్టగొడుగులు. ప్రాణం తీసే రకం తిన్నవాళ్ళకు ఆరు గంటలు దాటాక గానీ వాంతులు రావు. తర్వాత ఒక రోజు నెమ్మదించినట్టే ఉంటుంది, లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. నెమ్మదించిందని ఇంటికి తెచ్చేసుకోవద్దు. పుట్టగొడుగులు వండే ప్రతిసారీ పచ్చిది ఒకటి ఆకులో చుట్టి పక్కన ఉంచండి.

అడవి తిండే కారణమని గబుక్కున తీర్పు చెప్పే అధికారులకు ఒక మాట. చేదు దుంపలను సన్నగా కోసి, బుట్టలో పెట్టి వాగు నీళ్ళలో ఉంచి, చేదు విరిగాకే వండే ఇల్లాళ్ళు ఇక్కడివాళ్ళు. తరాలుగా తింటున్నదాన్ని అనుమానించే ముందు, సంతలో కొన్న నూనె డబ్బానూ, పురుగుమందు డబ్బా కడిగి నీళ్ళకు వాడుతున్నారేమోననీ చూడండి.

కారణం చెప్పకపోతే జనం తామే ఒక కారణం వెతుక్కుంటారు. 2024 సెప్టెంబరులో సుక్మా జిల్లా కొంట ప్రాంతంలో చేతబడి అనుమానంతో ఒకే కుటుంబంలోని ఐదుగురిని కొట్టి చంపారు. తోన్హీ (మంత్రగత్తె) అని వేధించడాన్ని నేరం చేస్తూ ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచే చట్టం ఉంది. చట్టం ఒక్కటే చాలదు. జబ్బుకు నిజమైన కారణం ఊరి మధ్య నిలబడి చెప్పేవాళ్ళు కావాలి. కొంట దగ్గర రేగడ్‌గట్టలో కాళ్ళూ చేతులూ వాచి పదుల సంఖ్యలో జనం చనిపోయారని 2022లో ఊరివాళ్ళు మొత్తుకున్నారు. ఆ లెక్క అధికారులు ఒప్పుకోలేదు. ఎవరు ఎప్పుడు ఎలా పోయారో ముందు నుంచీ రాసి ఉంటే కనీసం లెక్క దగ్గరైనా పేచీ ఉండేది కాదు.

పెద్ద సంస్థలు తర్వాత దిగితే అన్నీ తేలిపోతాయనుకుంటే ఏలూరును గుర్తు చేసుకోండి. 2020 డిసెంబరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛతో పడిపోయారు. ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ చూసింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థతో పాటు మరికొన్ని సంస్థలు వచ్చాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని చివరికి చెప్పారు గానీ, అవి ఒంట్లోకి ఏ దారిన వచ్చాయో గట్టిగా తేల్చలేకపోయారు. పట్నం నడిబొడ్డునే ఇలా జరిగితే, రాష్ట్ర ఆహార పరీక్షా ప్రయోగశాల ఉన్న రాయ్‌పూర్‌కు కొంట నుంచి ఒక డబ్బా కూర చేరేసరికి అందులో పరీక్షకు పనికొచ్చేది ఏం మిగులుతుంది? జగదల్‌పూర్ దాటాకే ఇంకా మూడు వందల కిలోమీటర్లు.

అందుకని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 35వ సెక్షన్ కింద, ఒక ప్రాంతంలోని డాక్టర్లందరూ తమ దృష్టికి వచ్చిన ప్రతి ఫుడ్ పాయిజనింగ్ కేసునూ తెలియజేయాలని నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాలకూ ఆ నోటిఫికేషన్ ఇప్పించండి. జగదల్‌పూర్ మెడికల్ కాలేజీలో వాంతి, విరేచనం, తిండి నమూనాలను రాత్రీ పగలూ తీసుకునే ఏర్పాటు చేయండి. ఆశ్రమాలు, పోర్టా క్యాబిన్ బడులు అన్నిటికీ చిన్న ఫ్రిజ్ ఇచ్చి, ప్రతి పూట వండిన ప్రతిదాంట్లోనూ ఒక గిన్నెడు, తేదీ రాసి, రెండు రోజులు దాచమనండి. కరెంటు లేని చోట ఐస్ పెట్టె ఇవ్వండి, టీకాల కోసం ఆరోగ్య కార్యకర్తలు అడవిలోకి మోసుకెళ్ళేది అదే కదా. ఈ చట్టమే 65వ సెక్షన్‌లో, కల్తీ తిండి వల్ల చనిపోతే కనీసం ఐదు లక్షల పరిహారం అంటోంది. కారణం తేలకుండా ఆ పరిహారం ఏ తల్లిదండ్రుల చేతికీ రాదు.

వంటమనుషుల మీద విరుచుకుపడొద్దని కూడా అడుగుతున్నాం. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న చోట ఎవరూ గోనె కప్పిన గంప గురించి చెప్పరు. కావాలని విషం కలిపినవాళ్ళ సంగతి పోలీసులు చూసుకుంటారు. పొరపాటు చేసి ఒప్పుకున్నవాళ్ళకు నేర్పి మళ్ళీ పనిలో పెట్టుకోండి.

ఊరివాళ్ళుగా మనం ఆగాల్సిన పని లేదు. పెళ్ళికో దినాలకో వంట చేయించే ఇంటివాళ్ళు వడ్డించడం మొదలు కాకముందే ఒక్కో వంటకం కొంత మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో తీసి చల్లగా ఉంచండి. ఎవరికైనా వాంతులైతే ముందు ఓఆర్ఎస్ పట్టించి 108కి ఫోన్ చేయండి, ఆ తర్వాత చదువుకున్న పిల్లనొకతెను కూర్చోబెట్టి పేరు, వయసు, తిన్నవి, తిన్న టైము, జబ్బు మొదలైన టైము రాయించండి, బాగున్నవాళ్ళవి కూడా. ఆ కాగితం ఫోటో తీసి ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీకి ఒకటి, ఆస్పత్రి డాక్టరుకు ఒకటి పంపండి.

వచ్చే గ్రామసభలో ఈ కోరికల మీద తీర్మానం పెట్టండి. చదవడం రానివాళ్ళకు ఈ కరపత్రాన్ని దోర్లీలో, గోండిలో, హల్బీలో చదివి వినిపించండి. తీర్మానం నకలు జనపద్ పంచాయతీలోనూ కలెక్టరేట్‌లోనూ ఇచ్చి, తేదీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి.