నీళ్ల కోసం హద్దు జరిపారు



2014 ఏప్రిల్ 30న కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మనోళ్లు భద్రాచలం ఎమ్మెల్యే కోసం ఓటేశారు. ఆ ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీకి పోయాడు. ఓటేసినోళ్లు ఆంధ్రాలో కలిశారు. మే 29న ఆర్డినెన్స్, జూలైలో చట్టం, అంతే. 2018లో తెలంగాణ ఎన్నికలొస్తే అక్కడ వీళ్లకు ఓటు లేదు. ఆంధ్రాలో ఓటు 2019లో గానీ రాలేదు. నాలుగేళ్లకు పైగా ఊరు ఒక రాష్ట్రంలో, ఊరి ఎమ్మెల్యే ఇంకో రాష్ట్రంలో!

ఎందుకిలా? పోలవరం పూర్తి మట్టం 150 అడుగులు. ముంపు భూములు తెలంగాణలోనే ఉంటే భూసేకరణ, పునరావాసం పక్క రాష్ట్రం చేతిలో ఉంటాయి, ప్రతి అడుగుకీ బేరం పెట్టొచ్చు. ఆ బేరం లేకుండా చేయడానికి హద్దునే జరిపారు. హద్దు మార్చాలంటే అసెంబ్లీ అభిప్రాయం అడగాలని రాజ్యాంగం 3వ అధికరణలో ఉంది. గ్రామసభను అడగమని లేదు. మనం 5వ షెడ్యూలు, పెసా అని ఎంత చెప్పుకున్నా ఆ రోజు అవేవీ అడ్డుపడలేదు.

నీళ్ల లెక్క చూడండి. బచావత్ ట్రిబ్యునల్ 1980 తీర్పు ప్రకారం పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీలకు బదులుగా కృష్ణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45, కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14. ఎక్కడో ఎగువనున్న రాష్ట్రాలకూ వాటా రాసి పెట్టారు. మునిగే కోయ, కొండరెడ్డి ఊళ్లకు ఆ పంపకంలో వాటా లేదు. ఉమ్మడి గోదావరి జిల్లాల్లో 34 అసెంబ్లీ సీట్లుంటే ఎస్టీ సీట్లు రెండు, రంపచోడవరం, పోలవరం. ఏ పార్టీ ఎవరి మాట వింటుందో వేరే చెప్పాలా?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. రెండు రాష్ట్రాల మంత్రులు టీవీల్లో తిట్టుకున్నారు. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు జనం మమ్మల్ని తెలంగాణలో కలపండని రోడ్డెక్కారు. వాళ్ల కోపం న్యాయమే. కానీ రాష్ట్రం మారితే నీళ్లు ఆగవు కదా!

మనం అడగాల్సింది, బ్యాక్‌వాటర్ ఎక్కడిదాకా వస్తుందో గ్రామసభ ముందు కొలిచి చూపించమని. పునరావాసం మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు లెక్కన చేస్తున్నారు, డ్యామ్ నింపేది 45.72 వరకు. మీ ఊరు ఈ రెండింట్లో ఏ జాబితాలో ఉందో ఆఫీసులో రాసి ఇమ్మనండి. 2022 వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద గీత గీసి, తేదీ వేసి ఫోటో తీయండి. వచ్చే గ్రామసభలో ఆ రెండూ తీర్మానంలోకి ఎక్కించండి.