నిప్పుకా, మట్టికా? చెల్లేది ఎవరి మాట?

మా మేనత్తకి నిప్పంటే భయం. చిన్నప్పుడెప్పుడో కిరసనాయిలు స్టవ్వు భగ్గుమని ఎడమచెయ్యి మోచేతిదాకా కాలిందట. ఆ మచ్చ చూపిస్తూ, "నన్ను మాత్రం చితిమీద పెట్టనివ్వకే అమ్మాయ్. మీ మామయ్య కొన్న కొబ్బరితోటలో ఓ మూల గొయ్యి తీయించి మట్టిలో పెట్టించు" అనేది. ఒకసారి కాదు, పదిసార్లు అంది. అప్పడాలు వత్తుతూ అంది, ఆస్పత్రి మంచంమీద అంది. నాతో అంది, కోడలితో అంది. మేమిద్దరం "ఛ ఊరుకోండి అత్తయ్యా, అవేం మాటలు" అని ఆవిడ నోరు మూయించేవాళ్ళం.

ఆవిడ పోయిన రోజు ముందుగదిలో మగవాళ్ళు కూర్చుని, కట్టెలు ఎక్కణ్ణుంచి తెప్పించాలి, చీకటి పడేలోగా అవుతుందా అని మాట్లాడుకుంటున్నారు. నేను గుమ్మందాకా వెళ్ళి, "బావా, అత్తయ్య తనని మట్టిలో పెట్టమని చాలాసార్లు అంది" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. "మనలో ఆ ఆచారం లేదు కదా. రేపు ఊళ్ళోవాళ్ళు, కట్టెల ఖర్చుకి వెనకాడి తల్లిని పాతిపెట్టాడంటారు" అన్నాడు బావ. అతను చెడ్డవాడేం కాదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాడు. తోటికోడళ్ళలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది. నేను మళ్ళీ నోరెత్తలేదు.

పోయినవాళ్ళ మాటకి అసలు ఏమైనా విలువ ఉందా, చట్టంలోనైనా ఉందా అన్న ప్రశ్న అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. అందుకే 2025 జనవరిలో ఒకే నెలలో రెండు శవాల తగవులు సుప్రీం కోర్టుకి వచ్చినప్పుడు, రెండింటినీ పేపర్లో వెతుక్కుని మరీ చదివాను.

మొదటిది ఛత్తీస్‌గఢ్‌ది. బస్తర్ జిల్లా ఛింద్‌వాడ గ్రామంలో ఒక పాస్టర్ జనవరి 7న చనిపోయాడు. ఆయన తండ్రినీ, ఇంటి ఆడపడుచునీ అదే ఊళ్ళో సమాధి చేశారు కాబట్టి ఆయన్నీ వాళ్ళ పక్కనే పెడతామన్నాడు కొడుకు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. పోనీ మా సొంత పొలంలో పెట్టుకుంటాం అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. హైకోర్టు కాదంది. కేసు సుప్రీం కోర్టుకి చేరింది. శవం మాత్రం మార్చురీలోనే ఉంది. ఇరవై రోజులు! జనవరి 27న తీర్పు వచ్చింది, అదీ ఇద్దరు జడ్జీలవి రెండు అభిప్రాయాలు. సొంత పొలంలో పెట్టుకోనివ్వండి అన్నారు జస్టిస్ నాగరత్న. కేటాయించిన శ్మశానంలోనే పెట్టాలి, ఫలానాచోటే కావాలనే హక్కు ఎవరికీ లేదు అన్నారు జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ. మామూలుగా ఇలా అభిప్రాయాలు వేరైతే పెద్ద బెంచికి పంపుతారు. శవాన్ని ఇంకా ఎన్నాళ్ళు ఉంచుతారు? అందుకని ఇద్దరూ కలిసి, ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో కర్కాపాల్ అనే ఊళ్ళో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పోలీసు కాపలాతో పూడ్చమన్నారు.

రెండోది కేరళది. కమ్యూనిస్టు నాయకుడు, మాజీ ఎంపీ ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో పోయారు. తన దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇమ్మని నాన్న నాతో అన్నారు అన్నాడు కొడుకు. కాదు, చర్చి శ్మశానంలో క్రైస్తవ పద్ధతిలో పెట్టాలి అన్నారు కూతుళ్ళు. శవం ముందే తోపులాట జరిగింది. కేరళ హైకోర్టు కొడుకు చెప్పిన మాటకి సాక్షులున్నారని నమ్మింది. 2025 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ తీర్పులో వేలు పెట్టనంది. దేహం కాలేజీకే వెళ్ళింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఒక విషయం అర్థమైంది. దేహాన్ని చదువులకి ఇచ్చేస్తానంటే వినడానికి చట్టం ఉంది. అనాటమీ చట్టాల కింద బతికుండగా కాగితం మీద రాయొచ్చు. కేరళ చట్టమైతే చివరి జబ్బులో సాక్షుల ముందు నోటితో చెప్పినా చాలంటుంది. కానీ "నన్ను కాల్చండి", "నన్ను పూడ్చండి" అన్న కోరికని తప్పనిసరిగా తీర్చాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. తెలిసిన లాయరు గారిని అడిగితే ఆయన నవ్వి, "శవం ఎవరి ఆస్తీ కాదమ్మా. ఇల్లూ పొలం రాసినట్టు దాన్ని వీలునామాలో రాయడం కుదరదు" అన్నారు. 1925 నాటి వారసత్వ చట్టం అంత్యక్రియల ఖర్చు గురించి మాత్రం మాట్లాడుతుందట. పోయినవాళ్ళ ఆస్తిలోంచి అప్పులన్నిటికన్నా ముందు ఆ ఖర్చు తీసెయ్యాలట. ఖర్చు సంగతి పట్టింది గానీ కోరిక సంగతి పట్టలేదు చూశారా! శవానికీ గౌరవం ఉంది, బతికే హక్కులోని మర్యాద దానికీ వర్తిస్తుంది అని 1995లో సుప్రీం కోర్టు చెప్పిన మాట మంచిదే. ఆ మర్యాద నిప్పులో ఉందా మట్టిలో ఉందా అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళకే వదిలేశారు.

ఇంట్లోవాళ్ళంటే ఎవరు? అక్కడే వస్తుంది మన సంగతి. ఆచారం అనే మాట ముందుగదిలో కూర్చున్నవాళ్ళ నోట వస్తుంది. వంటింటి వైపు ఉన్నవాళ్ళకి ఆ పూట పని, స్నానాలకి నీళ్ళు తోడటం, పిల్లలకి ఇంత తినిపించడం. బతికున్నప్పుడు ఆవిడ మనసులో మాట తెలిసింది ఈ వంటింటివాళ్ళకే. వీధిగుమ్మం దాటి పాడె వెంట వెళ్ళేది వాళ్ళు.

పైగా ఆ ఆచారమన్నా మనం అనుకున్నంత గట్టిదా అంటే, కాదు. హిందువులంటే దహనమే అని ఒక లెక్క చెప్పేస్తాం. మన ఊళ్ళలోనే చూడండి. లింగధారులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. రాయలసీమలో, తెలంగాణలో తమ చేలోనే పెద్దల సమాధులున్న కుటుంబాలు ఎన్నో. దళితుల్లో, అనేక వెనకబడిన కులాల్లో మట్టిలో పెట్టడమే ఎక్కువ. అందరిళ్ళలోనూ పసిపిల్లల్ని పూడుస్తారు. సన్న్యాసులకి నిప్పు పెట్టరు. పుట్టపర్తి సత్యసాయిబాబాని 2011 ఏప్రిల్లో ఆయన రోజూ దర్శనమిచ్చిన హాల్లోనే సమాధి చేస్తే, మా మేనత్త వీధిలో దహనం తప్ప ఎరగని ఇళ్ళవాళ్ళంతా టీవీ ముందు దణ్ణాలు పెట్టారు. మా బావతో సహా. అంటే మట్టి తప్పు కాదన్నమాట. మామూలు ఆడమనిషి అడిగితేనే వింత.

మామూలు ఆడమనిషేమిటి, ముఖ్యమంత్రి అయినా అంతే. జయలలిత 2016 డిసెంబరు 5 రాత్రి పోయింది. అయ్యంగార్ల ఇంటి ఆడపడుచు, ఆ ఇళ్ళలో దహనమే. మర్నాడు మెరీనా బీచిలో ఎం.జి.ఆర్. సమాధి పక్కన చందనపు పెట్టెలో పెట్టి పూడ్చారు. అన్నాదురై, ఎం.జి.ఆర్. అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి, ద్రావిడ పార్టీ పద్ధతి అదే కాబట్టి. ఆచారం తప్పిందని కొందరు బంధువులకి మనసు ఒప్పలేదు. వారం తిరిగాక శ్రీరంగపట్నంలో కావేరి ఒడ్డున ఆవిడ పేరున ఒక బొమ్మని దహనం చేసి కర్మ జరిపించారు. పార్టీకి కావలసింది పార్టీకి అయింది, బంధువులకి కావలసింది బంధువులకి అయింది. ఇంతకీ ఆవిడకి ఏం కావాలని ఉండేదో అన్న మాట మాత్రం ఎవరి నోటా గట్టిగా వినపడలేదు.

షీలా దీక్షిత్ సంగతి వేరు. 2019 జులైలో ఆవిడకి ఢిల్లీ నిగమ్‌బోధ్ ఘాట్‌లో కట్టెలతో కాకుండా గ్యాస్ దహనవాటికలో సంస్కారం చేశారు. కాలుష్యం తగ్గాలని ఆవిడ ముందే చెప్పుకున్నారు కాబట్టి. మన హైదరాబాద్‌లో ప్రొఫెసర్ సాయిబాబా 2024 అక్టోబరులో పోతే, ఆయన కోరిక ప్రకారం కళ్ళు కంటి ఆస్పత్రికీ, దేహం గాంధీ మెడికల్ కాలేజీకీ ఇచ్చారు. సీతారాం ఏచూరి దేహం ఎయిమ్స్‌కి ఇచ్చారని అందరికీ తెలుసు. అంతకు మూడేళ్ళ ముందు ఆయన తల్లిగారి దేహాన్నీ అక్కడికే ఇచ్చారన్నది చాలామందికి గుర్తుండదు. ఇవన్నీ ఎలా జరిగాయి? ముందే మాట అయింది, ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట మీద నిలబడ్డారు.

వేరే మతంలో పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళ చిక్కు ఇంకో రకం. చర్చికి వెళ్తూనే హిందువుల ఇంట కాపురం చేసిన ఆవిడ పోతే, అత్తింటివాళ్ళు నిప్పంటారు, పుట్టింటివాళ్ళు సమాధుల తోటంటారు. చర్చి పుస్తకంలో పేరు లేకపోతే ఆ తోటలో చోటు దొరకడమూ కష్టమే. బతికుండగా ఇద్దరినీ సముదాయిస్తూ ముప్ఫయ్యేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి, ఆ రోజు మాత్రం సర్దిచెప్పలేదు కదా.

కోరికుంటే చాలదు, చోటూ ఉండాలి, నిజమే. పల్లెల్లో కులానికో శ్మశానం. కొన్ని కులాలకి అదీ లేక చెరువుగట్టునో, దారిపక్కనో పూడ్చుకునే ఊళ్ళున్నాయి. వాళ్ళకి నిప్పా మట్టా అని ఎంచుకోవడం మాట అటుంచి, ఆరడుగుల నేల దొరకడమే గొప్ప. కట్టెల చితికి నాలుగైదు వందల కిలోల కట్టె కావాలి. సొంత పొలంలో పెట్టుకుందామంటే పంచాయతీ వాళ్ళనీ చుట్టుపక్కల వాళ్ళనీ ఒప్పించుకోవాలి. ఆ పొలం అమ్మితే సమాధి ఎవరిదవుతుందో చెప్పలేం. పట్నంలో అద్దె ఇళ్ళవాళ్ళ గతి మరీ ఘోరం. శవాన్ని ఇంటికి తేవద్దని ఇంటివాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తే, ఆస్పత్రి నుంచి తిన్నగా శ్మశానానికి తీసుకెళ్ళినవాళ్ళని నేనెరుగుదును.

పొరుగున శ్రీలంకలో అయితే 2020లో ప్రభుత్వమే ముందుగదిలో కూర్చుంది. కోవిడ్‌తో పోయిన అందరినీ దహనమే చెయ్యాలంది. పూడ్చినా ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. పూడ్చడం తప్ప ఎరగని ముస్లిముల్ని, ఇరవై రోజుల పసికందుతో సహా, దహనం చేశారు. 2021 ఫిబ్రవరిలో ఆ నిబంధన తీసేశారు. 2024 జులైలో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. చెప్పుకున్నదేదో మంచిదే. బూడిదయిన పసికందుకి సమాధి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంత చదివాక నేనొక పని చేశాను. వీలునామాలో రాద్దామనుకుంటే లాయరు గారు వద్దన్నారు. వీలునామా లాకర్లోంచి తీసి చదివేసరికి పదో రోజు కూడా దాటిపోతుందట, నిజమే కదా! మామూలు తెల్లకాగితం మీద రాయండి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి, ముఖ్యంగా ఆ రోజు ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో వాళ్ళ చెవిన వెయ్యండి అన్నారు. కోర్టు దాన్ని నెరవేర్చి తీరాలని లేకపోయినా, గుమ్మం దగ్గర నిలబడి "ఆవిడ అంది" అనేదానికన్నా కాగితం చూపించడం కొంత నయం. దేహం మెడికల్ కాలేజీకి ఇద్దామనుకున్నా ఇంట్లోవాళ్ళు సరేనని సంతకం పెట్టకపోతే వాళ్ళు సాధారణంగా తీసుకోరు. కళ్ళయితే ఆరు గంటల్లోగా తీయాలి. ఆ తరవాత నిప్పైనా మట్టైనా అడ్డేం లేదు.

నేను ఏం రాశానన్నది ఇక్కడ చెప్పను, అది మా ఇంటి సంగతి. రాసి మావారికి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎల్.ఐ.సి. కాగితాల ఫైల్లో పెట్టారు. "సాక్షి సంతకం ఒకటే ఉందేం?" అన్నారు. మా అమ్మాయి పెట్టింది. రెండోది ఆయన పెడతారనుకున్నాను. వారమైంది, ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిన్న మా అమ్మాయి మాత్రం, "నాన్న పెట్టకపోతే మామయ్యని అడగనా అమ్మా?" అంది.

మామయ్యంటే ఆ బావే.