సర్టిఫికెట్ సరే... అడిగేదెవరు?

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఈ వీడియో మీకూ ఎదురై ఉంటుంది. అమెరికాలో ఏదో ఊరు. ఇంటి ముందు నాచు పట్టి నల్లబడిన సిమెంటు బాట. ఒక కుర్రాడు గన్ పట్టుకుని నీళ్లు కొడుతుంటే చారలు చారలుగా తెల్లటి నేల బయటపడుతుంది. చూడ్డానికి భలే హాయిగా ఉంటుంది. చివర్లో అసలు విషయం వస్తుంది. ఒక్క రోజులో ఎంత సంపాదించాడో చెబుతాడు, మీరూ నేర్చుకోండంటాడు. కింద కోర్సు లింకు, దాని పక్కనే 'సర్టిఫైడ్' అన్న ముద్ర.

క్యాంపస్ నియామకాలు మందగించి, ఏఐ వచ్చి ఉన్న ఉద్యోగాలే ఉంటాయో లేదో అన్న బెంగ పట్టుకున్న ఈ రోజుల్లో చేతిపని వైపు చూడటం తప్పేమీ కాదు. చిక్కల్లా ఆ ముద్ర దగ్గరే. పని నేర్చుకోవడం వేరు, పని వచ్చని కాగితం కొనుక్కోవడం వేరు. ఈ తేడా అర్థం కావాలంటే ప్రెషర్ వాషింగ్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. యంత్రం ఎవరైనా కొనొచ్చు. సర్టిఫికెట్లు రకరకాలు. వాటిలో కొన్ని లేకపోతే చట్టం పట్టుకుంటుంది. కొన్ని ఉన్నా లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. మీరు కట్టబోయేది క్లౌడ్ కోర్సు ఫీజైనా, డ్రోన్ కోర్సు ఫీజైనా లెక్క ఇదే.

నీళ్లు కొట్టడంలో చదువేముంది?

చాలానే ఉంది. బైకు సర్వీసింగ్ సెంటర్‌లో వాటర్ వాష్ చేసే గన్ మీరు చూసే ఉంటారు. దానికి పెద్దన్నలు ఈ యంత్రాలు. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కార్చర్ 1950లో వేడినీటితో పనిచేసే హై ప్రెషర్ క్లీనర్‌ను తయారుచేశాడు. ఐరోపాలో అదే మొదటిది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి సుమారు 30 పీఎస్‌ఐ. అమెరికాలో కాంట్రాక్టర్లు వాడే మామూలు యంత్రం 3,000 నుంచి 4,000 పీఎస్‌ఐ దాకా ఇస్తుంది. పరిశ్రమల్లో వాడే హైడ్రో జెట్టింగ్ 10,000 పీఎస్‌ఐ దాటిపోతుంది.

ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ దెబ్బతింటుంది. అందుకే దీన్ని చిన్న గాయమని వదిలేయకూడదు, వెంటనే సర్జన్ చూడాల్సిన అత్యవసర పరిస్థితి. పెట్రోలు ఇంజిన్ యంత్రాన్ని గ్యారేజీలోనో బేస్‌మెంట్‌లోనో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. నాజిల్ రంగుల్ని గుర్తుపట్టడం తొలిరోజు పాఠం. ఎరుపుది సున్నా డిగ్రీలు, అంటే ధార సూదిలా ఒకేచోట పడుతుంది. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు. నలుపు సబ్బునీటికి. ఎరుపు నాజిల్‌తో చెక్క మీద కొడితే మురికితో పాటు చెక్క కూడా లేచొస్తుంది.

ఈ పనిలో అసలు నైపుణ్యం ఒత్తిడి ఎక్కడ వాడకూడదో తెలియడం. అమెరికా ఇళ్ల పైకప్పుల మీద ఉండే ఆస్ఫాల్ట్ షింగిల్స్‌పై నల్లటి చారలు కనిపిస్తుంటాయి. అవి మురికి కాదు, ఒక రకం సూక్ష్మజీవుల పెరుగుదల. వాటిపై ప్రెషర్ వాషర్ వాడొద్దని షింగిల్స్ తయారీదారుల సంఘమే చెబుతుంది. బ్లీచ్ కలిపిన నీళ్లు నెమ్మదిగా చల్లి కడగాలి. దీన్నే సాఫ్ట్ వాష్ అంటారు. ఇది తెలియకుండా గన్ పట్టుకున్నవాడు ఒక పూటలో కస్టమర్ పైకప్పును పాడుచేసి వస్తాడు. కాబట్టి శిక్షణ కచ్చితంగా కావాలి. ఏ శిక్షణ, ఎవరి కాగితం అన్నదే ప్రశ్న.

చట్టం అడిగే కాగితాలు

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం ప్రెషర్ వాషింగ్ కోసమే ఒక లైసెన్సు అంటూ ఇవ్వదు. రాష్ట్రాన్ని బట్టి, నగరాన్ని బట్టి నిబంధనలు మారతాయి. అయితే ఈ పని కొన్నిచోట్ల వేరే చట్టాల పరిధిలోకి వెళ్తుంది. అక్కడ కాగితం లేకుండా అడుగుపెట్టడానికి లేదు.

మొదటిది సీసం. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడటాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇళ్ల గోడల మీద ఆ రంగు ఇప్పటికీ ఉండొచ్చు. ప్రెషర్ కొడితే పొరలు పొరలుగా లేచి పిల్లలు ఆడుకునే మట్టిలో కలుస్తుంది. అందుకే అలాంటి ఇళ్ల దగ్గర డబ్బు తీసుకుని రంగు చెదిరేలా పనిచేసేవారికి పర్యావరణ సంస్థ ఈపీఏ 2010 నుంచి ఒక నిబంధన అమలు చేస్తోంది. పని విస్తీర్ణం నిర్ణీత పరిమితి దాటితే సంస్థకు సర్టిఫికేషన్ ఉండాలి, పని చూసే వ్యక్తి ఎనిమిది గంటల శిక్షణ పొంది ఉండాలి.

రెండోది మంట. హోటల్ వంటగదుల్లో పొయ్యి మీది హుడ్‌లో, పొగ గొట్టంలో నూనె జిడ్డు పేరుకుంటుంది. నిప్పురవ్వ తగిలితే గొట్టం పొడవునా అంటుకుంటుంది. దాన్ని వేడినీటి ప్రెషర్‌తో వదిలించడం ఈ వృత్తిలో ఒక పెద్ద విభాగం. అగ్నిప్రమాదాల నివారణకు అక్కడ పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం ఈ పని చేసేవారు శిక్షణ, అర్హత, సర్టిఫికేషన్ ఉన్నవారై, స్థానిక అధికారులకు ఆమోదయోగ్యులై ఉండాలి.

మూడోది నీళ్లు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? అమెరికా నగరాల్లో చాలాచోట్ల వాననీటి కాలువలు శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లోకి, నదుల్లోకి వెళ్తాయి. నూనె, డిటర్జెంట్, బ్లీచ్ కలిసిన నీళ్లు అందులోకి వదిలితే 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్, దాని కింద వచ్చిన నగర నిబంధనలు అడ్డుపడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో వాననీటి కాలువలు చూసే స్థానిక సంస్థలు కలిసి ఇలాంటి కాంట్రాక్టర్ల కోసమే శిక్షణ, పరీక్ష పెట్టాయి. పాసైనవారికి గుర్తింపు ఇస్తాయి. అందులో నేర్పేది నేలను తెల్లగా మెరిపించడం ఎలాగో కాదు, మురికినీటిని కాలువలో పడకుండా పట్టుకోవడం ఎలాగో.

ఈ మూడింటిలో ఒక పోలిక గమనించారా? ప్రతి కాగితం వెనక ఒక ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం నుంచి జనాన్ని కాపాడే బాధ్యత ఉన్నవాడొకడు ఉన్నాడు. కాగితం అడిగేది అతనే.

మార్కెట్ అడిగేది, ఎవరూ అడగనిది

చట్టం తర్వాత మార్కెట్. షాపింగ్ కాంప్లెక్స్ మేనేజరో అపార్ట్‌మెంట్ సంఘమో కాంట్రాక్టర్‌ను పిలిస్తే ముందుగా అడిగే సర్టిఫికెట్లలో ఒకటి చదువుకు సంబంధించినదే కాదు. బీమా ఉందని చూపే సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్. అద్దం పగిలితే, ఎవరైనా జారిపడితే డబ్బు ఎవరు కడతారన్నది వాళ్ల లెక్క.

మరి వృత్తి సంఘాల సర్టిఫికెట్లు? పవర్ వాషర్స్ ఆఫ్ నార్త్ అమెరికా, యునైటెడ్ అసోసియేషన్ ఆఫ్ మొబైల్ కాంట్రాక్ట్ క్లీనర్స్ లాంటి సంఘాలు అక్కడ శిక్షణ ఇస్తున్నాయి. ఇవి ప్రభుత్వ సంస్థలు కావు. వీటి కాగితం ప్రభుత్వ లైసెన్సుకు బదులుగా పనికిరాదు. అలాగని పనికిమాలినవీ కావు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు, రేటు ఎలా కట్టాలో తెలుస్తుంది, చిక్కొస్తే ఫోన్ చేయడానికి నలుగురు దొరుకుతారు. ఇద్దరు కాంట్రాక్టర్లలో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తే కస్టమర్‌కు కాస్త నమ్మకమూ కలుగుతుంది.

ఇక చివరి రకం. ఒక వ్యక్తి తానే కోర్సు పెట్టి, తానే పరీక్ష పెట్టి, తానే సంతకం పెట్టి ఇచ్చే కాగితం. వీడియోలు బాగుంటే పని నేర్చుకోవడానికి పనికొస్తుంది. కాగితం మాత్రం ఫ్రేము కట్టించుకోవడానికే. దాన్ని చట్టం అడగదు, బీమా కంపెనీ అడగదు, కస్టమర్‌కు ఆ పేరే తెలియదు.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక

ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలు ఈ వీడియోలు చూసి వీకెండ్‌లో చేసుకోవచ్చులే అనుకునే అవకాశం ఉంది. ఆ పని చేయొద్దు. ఎఫ్-1 వీసాపై అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్ పోతుంది. సొంతంగా కస్టమర్లను వెతుక్కుని డబ్బు తీసుకున్నా అది పని కిందికే వస్తుంది. ఓపీటీలో చేసే ఉద్యోగం మీరు చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. హెచ్-1బీ మీద స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరే పనిచేయాలి. గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడినా ఈ నిబంధనలు మారవు.

మన దగ్గర సంగతేంటి?

ఇక్కడా ఇదే సూత్రం, అడిగేవాళ్లు మాత్రం వేరు. హైదరాబాద్‌నే తీసుకోండి. డ్రైనేజీలోకి మనుషులు దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం మన నగరాల పాత గాయం. రక్షణ లేకుండా మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఇరుకు సందుల్లోకి వెళ్లగల 70 మినీ జెట్టింగ్ యంత్రాల్ని రంగంలోకి దించింది. ఇవీ ప్రెషర్ నీళ్లతో పనిచేసేవే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. యంత్రం కొన్నవాడు పని కోసం గల్లీలు తిరగలేదు. పని ఇచ్చే సంస్థ ముందే ఖాయమైంది. యంత్రం, శిక్షణ దాని వెనకే వచ్చాయి.

సోలార్ రంగంలోనూ అంతే. ఐటీఐ చదివినవారి కోసం 2015లో కేంద్రం సూర్యమిత్ర శిక్షణ మొదలుపెట్టింది. 600 గంటలు, ఉచితం. ఫలకాల బిగింపు, నిర్వహణ నేర్పుతారు. ఇళ్ల మీద సౌర ఫలకాల కోసం 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. ఫలకాల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కాబట్టి కడిగేవాళ్లూ కావాలి. ఇక్కడా పాత పాఠమే, గట్టి ప్రెషర్ కొడితే ఫలకమే దెబ్బతింటుంది.

మెకానికల్, కెమికల్ చదివినవారికి మరో దారి ఉంది. రిఫైనరీలు, ఎరువుల కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు షట్‌డౌన్ తీసుకున్నప్పుడు హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్ని హైడ్రో జెట్టింగ్‌తో శుభ్రం చేస్తారు. ఆ పనికి గన్ పట్టేవాళ్లతో పాటు సూపర్‌వైజర్లు, సేఫ్టీ ఇంజినీర్లు కావాలి. అక్కడ కాగితం అడిగేది ఆ ప్లాంట్ సేఫ్టీ విభాగం. కోర్సులో చేరేముందు ఆ విభాగం ఏ శిక్షణను ఒప్పుకుంటుందో కనుక్కోండి.

ఫీజు కట్టేముందు ఇవి అడగండి

ఒకటి: ఈ సర్టిఫికెట్ లేకపోతే నన్ను ఆపేదెవరు? చట్టమా, టెండరా, బీమా కంపెనీయా, కస్టమరా? సమాధానం 'ఎవరూ ఆపరు' అయితే అది పూర్తిగా నేర్చుకోవడానికి కట్టే ఫీజు. ఆ లెక్కనే బేరమాడండి.

రెండు: పరీక్ష పెట్టేదెవరు? కోర్సు అమ్మినవాడే అయితే ఆ మార్కుల్ని పక్కన పెట్టండి. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉందని చెబితే, ఆ అర్హత నేషనల్ క్వాలిఫికేషన్ రిజిస్టర్‌లో ఉందో లేదో మీరే చూసుకోండి.

మూడు: చేత్తో చేయిస్తారా? గన్ పట్టకుండా ప్రెషర్ వాషింగ్ రాదు, సర్వర్ ముట్టకుండా క్లౌడ్ రాదు.

నాలుగు: గడువెంత? మళ్లీ రెన్యువల్‌కు ఎంత కట్టాలి?

ఐదు: ప్రకటనలో పని ఇచ్చే నలుగురి పేర్లు ఉంటే వాళ్లకే ఫోన్ చేసి, ఈ కాగితం అడుగుతారా అని కనుక్కోండి. పది నిమిషాల పని, వేల రూపాయలు మిగులుతాయి.

సొంతంగా మొదలుపెట్టేవాళ్లకు ఇంకో మాట. చిన్న సంస్థగా నమోదు కావడానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. టెండర్లు వేయాలంటే ఈ కాగితాల్ని అడుగుతారు కాబట్టి ముందు వీటి సంగతి చూడండి.

ఇంట్లో అమ్మానాన్నలు ఫీజు కోసం డబ్బు సర్దేముందు ఆ కోర్సు బ్రోచర్‌ను ఒకసారి తిరగేయండి. సర్టిఫికెట్ ఇచ్చేవాడి ఫొటో, పేరు మొదటి పేజీలోనే ఉంటాయి. దాన్ని అడిగేవాడు ఏ పేజీలో ఉన్నాడో వెతకండి. కనిపించకపోతే ఆ డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ యంత్రమో, మంచి చేతి తొడుగులు, బూట్లో కొనుక్కుని, పని తెలిసిన మేస్త్రీ దగ్గర నెల రోజులు చేరండి. పని మాత్రం కచ్చితంగా వస్తుంది.