కప్పు ఎత్తినవాళ్లు ఎటు పోయారు?

మన గూడేల్లో క్రికెట్ ఆడని కుర్రాడు అరుదు. పండక్కి టోర్నీ పెడతాం. మైకు, కప్పు, వచ్చిన పెద్దమనిషికి శాలువా. మరి పదేళ్ల కింద ఆ కప్పు ఎత్తినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఈ మాట మనం అడగం. అడగకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా ఆదివాసుల కథ చెబుతుంది.

ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండు వెళ్లి ఆడిన మొట్టమొదటి క్రికెట్ జట్టు తెల్లవాళ్లది కాదు, ఆదివాసులది. 1868లో 13 మంది ఆటగాళ్లు వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది విక్టోరియా పడమటి ప్రాంతంవాళ్లు. తమ నేలనే ఆక్రమించి తెల్లవాళ్లు పెట్టిన గొర్రెల మేతభూముల్లో పనివాళ్లు. 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, 19 డ్రా చేశారు. అయినా ఆట ముగిశాక వాళ్లచేత బూమరాంగులు, ఈటెలు విసిరించి జనానికి చూపించేవారు. ఎంత బాగా ఆడినా చూసేవాడికి వాళ్లు వింత మనుషులే. మంత్రి వస్తున్నాడంటే మన ఆశ్రమ పాఠశాల పిల్లల్ని థింసా ఆడించడానికి ఎండలో నిలబెట్టడం గుర్తొస్తోందా?

తర్వాత వాళ్లు ఎటు పోయారు? కింగ్ కోల్ లండన్‌లోనే జబ్బుచేసి చనిపోయాడు. కజెన్స్ 1871లో రక్త విరేచనాలతో పోయాడు. జట్టులో మేటి జానీ ముల్లా. అతని సొంత పేరు ఉనారిమిన్. ఆ పర్యటనలో 1,698 పరుగులు చేశాడు. తిరిగొచ్చిన 1869లోనే విక్టోరియాలో ఒక చట్టం వచ్చింది. ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర పని చేయాలో సర్కారే నిర్ణయిస్తుందట. దాని పేరు రక్షణ చట్టం! 1879లో ఇంగ్లండు జట్టు మీద విక్టోరియా తరఫున ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 36 పరుగులు చేశాడు. అయినా ఒక్క టెస్టు కూడా దక్కలేదు. హారో అనే చిన్న ఊరి క్లబ్బుకు ఆడుకుంటూ, మేతభూముల్లో పని చేసుకుంటూ 1891లో కన్నుమూశాడు.

2020 నుంచి మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో మేటి ఆటగాడికి ముల్లా పేరిట పతకం ఇస్తున్నారు. మొదట అందుకున్నది మన అజింక్య రహానే. సంతోషమే. కానీ పోయిన 129 ఏళ్లకు వచ్చిన గౌరవం బతికున్న మనిషికి కూడు పెట్టదు.

“అందుకే ఆట మానేసి చదువుకోరా” అనే మాస్టార్లున్నారు. తప్పు ఆటది కాదు సార్. ఆడించి వదిలేసినవాళ్లది. పండగ టోర్నీ కప్పు క్రీడా కోటాకు పనికిరాదు, గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్టే చెల్లుతుంది. ఈ ముక్క మన పిల్లలకు ముందే ఎవరు చెప్పారు? వాడు సెంట్రింగ్ పనికో, మిరప కోతకో పోయాక తెలిస్తే ఏం లాభం?

తమ్ముళ్లారా, మీ గూడెం పాత జట్టు పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతి పేరు ఎదుట ఇప్పుడేం చేస్తున్నాడో రాయండి. మాస్టార్లూ, ఆ పుస్తకం పట్టుకుని ఐటీడీఏ మెట్లెక్కండి. ప్రతి ఆశ్రమ పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుడిని, మైదానాన్ని, గుర్తింపు పోటీలకు పంపే ఖర్చును అడగండి. శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు.