నోరు తెరిస్తే మార్కు

మన ఇళ్ళల్లో పిల్లవాడికి మాటలు వచ్చేదాకా 'ఇంకా మాటలు రాలేదేమిటి చెప్మా' అని బెంగపెట్టుకొంటాం. మాటలు వచ్చిన మర్నాటినుంచీ 'నోర్ముయ్' అంటాం. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. అన్నం తింటూ మాట్లాడకూడదు. బళ్ళో మాట్లాడితే బెంచీ ఎక్కాలి. ఇంటర్మీడియట్‌కు వచ్చాక సరేసరి, తెల్లారకముందు మొదలైన స్టడీ అవరు రాత్రి పదిన్నరకు ముగిసేదాకా పెదవి కదిపితే వార్డెనుగారు నాన్నగారికి ఫోను కొడతారు. ఇలా ఇరవై మూడేళ్ళు కష్టపడి ఒక మౌనమునిని తయారుచేస్తాం. చేసి, ఆ మునిగారిని బ్యాంకు అప్పుతో సహా బిజినెస్ స్కూలుకు పంపిస్తాం. అక్కడ ఏం చేస్తారంటే, నోరు తెరిచి మాట్లాడినవాడికే మార్కులిస్తారు!

నేను వేళాకోళానికి అనడంలేదు. 'క్లాస్ పార్టిసిపేషన్' అని దానికి పేరు. పిల్లలు ముద్దుగా సీపీ అంటారు. సబ్జెక్టును బట్టి నూటికి పదో, పదిహేనో, ఉదారహృదయులైన ప్రొఫెసర్లయితే ఇరవయ్యో మార్కులు దానికే. అవి పరీక్ష రాసి తెచ్చుకొనేవి కావు. చెయ్యెత్తి, ప్రొఫెసరుగారి దృష్టిలో పడి, ఆయన అనుగ్రహించిన మీదట గొంతు విప్పి సంపాదించుకోవలసినవి.

ఈ ఆచారం మొదట మనది కాదు. అమెరికాలో హార్వర్డువారు 1908లో బిజినెస్ స్కూలు పెట్టారు. 1920 ప్రాంతాల్లో వాళ్ళకొక ఆలోచన వచ్చింది. లా చదివేవాళ్ళు కోర్టు తీర్పులు ముందు పెట్టుకొని వాదించుకొంటున్నారు కదా, వ్యాపారం చదివేవాళ్ళు వ్యాపారస్తుల చిక్కులు ముందు పెట్టుకొని ఎందుకు వాదించుకోకూడదూ అని. దానికే కేసు పద్ధతి అని పేరు. మన దేశంలో 1961లో కలకత్తాలోనూ, అహమ్మదాబాదులోనూ మేనేజిమెంటు విద్యాలయాలు వెలిశాయి. కలకత్తాకు ఎం.ఐ.టి.వారు చేయూతనిస్తే, అహమ్మదాబాదుకు హార్వర్డువారు ఇచ్చారు. వాళ్ళతోపాటు కేసు పద్ధతీ దిగింది. 1973లో బెంగుళూరు వచ్చింది. 2001లో హైదరాబాదులో ఐ.ఎస్.బి. తలుపులు తెరిచింది. 2015లో విశాఖపట్నానికి కూడా ఐ.ఐ.ఎం. వచ్చింది. అంచేత మునులచేత నోరు తెరిపించే ఆశ్రమాలు ఇప్పుడు మన పెరట్లోనే వున్నాయి.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నాకొక మేనల్లుడున్నాడు. ఈ కాలపు పిల్లలు కష్టం వస్తే తల్లికి చెప్పరు, ఏడుస్తుందని. తండ్రికి చెప్పరు, లెక్కలడుగుతాడని. మేనమామకు చెబుతారు. ఏడవడానికీ లెక్కలడగడానికీ అతనికి అధికారం లేదు గదా.

మా బావగారికి గుంటూరు జిల్లాలో ఒక చిన్న వూళ్ళో కిరాణా కొట్టుంది. మావాడు పదో తరగతిదాకా తెలుగు మీడియం. సాయంత్రాలు గల్లాపెట్టె పక్కన కూచొని లెక్కలు చేసుకొనేవాడు. ఎప్పుడైనా నోరు తెరిస్తే 'బేరం మధ్యలో మాట్లాడకురా' అనేవారు బావగారు. తరువాత ఇంజనీరింగు చదివాడు. హైదరాబాదులో రెండేళ్ళు సాఫ్టువేరు ఉద్యోగం చేశాడు. ఆ రెండేళ్ళూ కంప్యూటరుతోనే మాట్లాడాడు, అది ఎదురు చెప్పలేదు.

ఆపైన క్యాట్ పరీక్ష రాశాడు. నవంబరు నెలాఖరు ఆదివారాల్లో 2 లక్షల మందికి పైగా రాసే పరీక్ష అది. రెండే గంటలు. ఇచ్చిన జవాబుల్లోంచి ఏరుకొనే ప్రశ్నల్లో, తప్పు ఏరితే ఒక మార్కు కోసేస్తారు. అంటే తెలియనప్పుడు నోరుమూసుకోవడమే లాభం. అది మావాడికి పుట్టుకతో వచ్చిన విద్య! మార్కులు దండిగా వచ్చాయి. ఇంటర్వ్యూలో కూడా అడిగినదానికి జవాబు చెప్పాడు, గట్టెక్కాడు. అడిగితే చెప్పడం వేరు, అడక్కుండా చెప్పడం వేరు అని వాడికి క్లాసులో కూచొన్నాక గాని తెలియలేదు.

వాడు చేరిన స్కూలు పేరు నేను చెప్పను. ఇంచుమించు అన్నిచోట్లా ఇదే భాగోతమట. క్లాసు గది గుర్రపునాడా ఆకారంలో, మెట్లు మెట్లుగా వుంటుంది. ఎక్కడ కూచొన్నా ప్రొఫెసరుగారికి కనిపిస్తాం, వెనక బెంచీ అనే అభయారణ్యం లేదు. ప్రతివాడి ముందూ వాడి పేరు పెద్దక్షరాల్లో రాసిన అట్ట. కేసులన్నీ ఒకేలా మొదలవుతాయి. ఒకానొక కంపెనీ మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ దిగాలుగా ఆలోచిస్తూ వుంటాడు. ఇరవై పేజీలు చదివాక కూడా ఆయన ఇంకా కిటికీ దగ్గరే వుంటాడు. కావలసిన సమాచారం సగమే వుంటుంది, పనికిరాని సమాచారం బోలెడు వుంటుంది. 'నువ్వే ఆ మేనేజరువైతే ఏం చేస్తావు?' అన్నది ప్రశ్న. నన్నడిగితే, నెలాఖరు రోజుల్లో చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగినప్పుడు మా అక్కయ్య చేసే పని అదే. ఆవిడ కిటికీ దగ్గర నిలబడదు, అంతే తేడా.

పగలు క్లాసులు, చెప్పకుండా వచ్చిపడే క్విజ్జులు. రాత్రి మర్నాటి కేసులు. పిల్లలు అయిదారుగురొక జట్టుగా కూచొని తెల్లవారుజామున మూడింటిదాకా చర్చిస్తారు. అర్ధరాత్రి తెరిచివుండే క్యాంటీనులో మ్యాగీ తింటారు. చేరిన నాలుగైదు నెలలకే వేసవి ఉద్యోగాలకోసం కంపెనీలు ఇంటర్వ్యూలకొస్తాయి కనుక, ఆకలితో, నిద్రలేమితో, కొత్త సూటు కుట్టించుకొంటారు. అహమ్మదాబాదులో మొదటి సంవత్సరం వాళ్ళను ఫచ్చాలనీ, రెండో సంవత్సరం వాళ్ళను తుచ్చాలనీ పిలుచుకొంటారు. పై తరగతికి పోయినకొద్దీ గౌరవం పెరుగుతుందని తెలుగువాడెవడూ ఆశపెట్టుకోనక్కరలేదు.

ఇక మాట్లాడేవాళ్ళలో రకాలున్నాయి. కొందరు నిజంగానే చదువుకొని వచ్చి చెబుతారు. కొందరు కేసుతో నిమిత్తం లేకుండా భూమండలం మీది సంగతులన్నీ చెబుతారు, దాన్ని గ్లోబు వెయ్యడం అంటారు. కొందరు 'ఇందాక మిత్రుడు చెప్పినదానికి చిన్న చేర్పు' అంటూ లేచి, మిత్రుడు చెప్పిందే మళ్ళీ చెప్పి కూచొంటారు. పెళ్ళిపందిట్లో పెదనాన్నగారి తరహా. ఇంకొక జాతి వుంది. టర్ము అయిపోవస్తోంది, ఇంకా ఒక్క మార్కూ రాలేదు, ఏదో ఒకటి అనెయ్యాలని ప్రాణం మీదికి తెచ్చుకొని మాట్లాడడం. అది డీసీపీ, అనగా డెస్పరేట్ సీపీ. మా బావగారు ఆ మాట ఫోనులో విని, పోలీసు డీసీపీగారు కాలేజీకి ఎందుకొచ్చారని ఆ రాత్రంతా నిద్రపోలేదు.

అన్నిటికన్నా మహానుభావుడు మరొకడున్నాడు. రాత్రి జట్టులో నువ్వు చెప్పిన ముక్కను పొద్దున్నే క్లాసులో నీకంటె ముందు చెయ్యెత్తి తన ముక్కగా చెప్పేవాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఎందుకంటే అక్కడ గ్రేడులు ఒకరితో ఒకరిని పోల్చి ఇస్తారు. నీకు డెబ్భై వచ్చాయన్నది ముఖ్యం కాదు, పక్కవాడికి ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం. అందరికీ తొంభై వస్తే తొంభై వచ్చినవాడే తప్పాడన్నమాట! పక్కవాడికి జ్వరం వస్తే నీ గ్రేడు కాస్త కోలుకొంటుంది. స్నేహం చెయ్యమని ఒక హాస్టల్లో పెట్టి, ఒకే విస్తట్లోంచి తినమన్నట్లు వుంటుంది వ్యవహారం.

దసరాకు నాలుగు రోజులు సెలవిస్తే మావాడు ఇంటికొచ్చాడు. కళ్ళకింద చారలు, నోట్లో కొత్త మాటలు. 1970లో బోస్టనులో ఒక సలహా కంపెనీ వాళ్ళు వ్యాపారాలను నాలుగు గళ్ళుగా విభజించారట. పెట్టుబడి పెట్టకుండా పాలిచ్చేది పాడి ఆవు. వెలిగిపోతూ ఖర్చుపెట్టించేది నక్షత్రం. ఎటూ కొరగానిది కుక్క. డబ్బు మింగుతూ ముందుముందు ఏమవుతుందో తెలియనిది ప్రశ్నార్థకం. భోజనాల దగ్గర వాడు మా కుటుంబాన్ని ఆ గళ్ళలో సర్దాడు. తాతగారి పెన్షను పాడి ఆవు. కాలేజీలో చేరిన చెల్లెలు నక్షత్రం. మూలనపడ్డ స్కూటరు కుక్క. అందరం నవ్వాం. 'మరి నువ్వో?' అంది చెల్లెలు. 'నేను ప్రశ్నార్థకం' అన్నాడు. వాడు మాత్రం నవ్వలేదు.

ఆ రాత్రి అరుగుమీద పడుకొన్నాక అసలు సంగతి చెప్పాడు. మూడు నెలల్లో క్లాసులో ఒక్కసారి కూడా నోరు తెరవలేదట. 'జవాబు తెలుసు మావయ్యా. ముందు తెలుగులో వస్తుంది. దాన్ని ఇంగ్లీషు చేసుకొని, వ్యాకరణం సరిచూసుకొని, చెయ్యెత్తేసరికి క్లాసు రెండు మెట్లు ముందుకు పోయి వుంటుంది. ఇరవై లక్షలపైన అప్పు. నెలవారీ కట్టుబడి లెక్క వేసుకొంటే గొంతు ఇంకా బిగుసుకొంటుంది.' ఏం చెప్పను? 'పడుకోరా' అన్నాను. మన వంశంలో ఓదార్పు అంటే అదే.

నవంబరులో ఒక రాత్రి ఫోను చేశాడు. ఆవేళ కేసు ఒక షాంపూ కంపెనీది. పల్లెటూరి కొట్లవాళ్ళు పెద్ద సీసాలు పెట్టుకోమంటే పెట్టుకోరు, రూపాయి ప్యాకెట్ల దండలు మాత్రం వేలాడదీస్తారు, ఎందుకని? పల్లెటూళ్ళలో డబ్బు లేదు గనక అని ఒకరు, సీసాలో లాభం తక్కువ గనక అని ఒకరు, మధ్యలో గ్లోబులు. ముందురోజు రాత్రి జట్టులో మావాడు వేరే సంగతి చెప్పివున్నాడు. ఆ జట్టులో పాట్నా అబ్బాయి ఒకడు, మాటల పుట్ట. క్లాసులో వాడు చెయ్యెత్తాడు. ప్రొఫెసరుగారు సరేనన్నారు. మావాడి ప్రాణం ఉసూరుమంది. తన ముక్క కూడా పోయింది గదా!

ఆ కుర్రవాడు లేచి, 'సార్, దీనికి జవాబు నాకంటె నా పక్కనున్న ఇతనికి తెలుసు. రాత్రి మాకందరికీ చెప్పాడు. ఇతన్ని అడగండి' అని కూచొన్నాడు.

గదిలో అందరూ తిరిగి చూశారు. ఇక తప్పదు. మావాడు లేచి నాలుగే వాక్యాలు చెప్పాడట. రూపాయి ప్యాకెట్టు కొనేవాడు రూపాయి చేతిలో పెట్టి కొంటాడు. పెద్ద సీసా కొనేవాడు 'ఖాతాలో రాయండి' అంటాడు. కంపెనీ మనిషి వారానికి డబ్బడుగుతాడు, ఖాతా డబ్బు పంట ఇంటికొస్తే గాని రాదు. కొట్టువాడు చూసేది సీసా మీద లాభం కాదు, పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుందని. ప్రొఫెసరుగారు ఒక్క క్షణం ఆగి, బోర్డు మీద 'ఖాతా' అని రాసి చుట్టూ సున్నా చుట్టారట. ఆ తరువాత అరగంటసేపు మిగతావాళ్ళంతా 'ఇందాక మిత్రుడు చెప్పినదానికి చిన్న చేర్పు' అంటూ లేచి మార్కులు తెచ్చుకొన్నారట.

'ఇంతకీ గ్రేడెంత?' అన్నాను.

'చివరికి బి వచ్చేట్టుంది. వాడికీ అంతే. వాడే చెప్పివుంటే ఇంకా పైన వుండేవాడు.'

పక్కవాడి లాభం తన నష్టమని రోజూ బోర్డుమీద లెక్క కట్టి చూపించే చోట, ఒక కుర్రవాడు తన వంతును పక్కవాడికి ఎలా ఇవ్వగలిగాడో నాకు అంతుబట్టలేదు. ఆ చదువు సిలబస్సులో లేదు. ఫీజు రసీదులో అంతకన్నా లేదు. మావాడు మాత్రం ఆ తరువాత నుంచీ వారానికొకసారి చెయ్యెత్తుతున్నాడు. ఇంగ్లీషు ఇంకా తడబడుతూనే వుందట. తడబడ్డా ఎవరూ చచ్చిపోలేదట.

సంగతి విన్న మా అక్కయ్య, ఆ పాట్నా అబ్బాయి పేరేమిటో సరిగా పలకడం కూడా రాకుండానే, సున్నుండలు రెండు డబ్బాల్లో సర్ది పంపింది. రెండూ సమానంగా వుండాలని తూచి మరీ పెట్టింది. మా బావగారు మితభాషి. గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకొని అంతా విన్నారు. 'ప్రొఫెసరుగారు బోర్డుమీద రాశారా?' అని ఒకసారి అడిగారు. కాసేపుండి, 'మన ఖాతా సంగతేనా?' అని మరోసారి అడిగారు. ఆపైన గోడకు వేలాడుతున్న ప్యాకెట్ల దండ సర్దుతూ అన్నారు:

'ఖాతా సంగతి చెప్పాడు, బాగానే వుంది. వసూలు సంగతి కూడా చెప్పాడా?'

'అది రెండో సంవత్సరంలో వుంటుందేమో బావగారూ' అన్నాను.