ఆక్వా చెరువు చెంతకే విడిభాగం – త్రీడీ ప్రింటింగ్‌తో మారనున్న సరఫరా వ్యవస్థ

భీమవరం: అర్ధరాత్రి దాటాక ఆగిపోయిన ఏరియేటర్ తెల్లవారేలోగా తిరగకపోతే రొయ్యల రైతు నెలల శ్రమ నీటిపాలవుతుంది. సూర్యరశ్మి లేని వేళ చెరువులో కరిగి ఉన్న ఆక్సిజన్ క్రమంగా తగ్గి, తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే పడిపోతే వెనామీ రొయ్య ఒత్తిడికి లోనవుతుంది. మరింత క్షీణిస్తే చెరువంతా చనిపోయే ప్రమాదం ఉంటుంది. మోటారు బాగానే ఉన్నా, షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ ఒక్కటి విరిగితే యంత్రం మొత్తం నిలిచిపోతుంది.

2022 ఏప్రిల్ 4న పునర్వ్యవస్థీకృత పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైన భీమవరం, రొయ్యల ఉత్పత్తిలో దేశంలో అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ప్రధాన ఆక్వా కేంద్రం. ఇక్కడి సాగుకు కీలకమైన విడిభాగాల సరఫరాపై త్రీడీ ప్రింటింగ్ చూపగల ప్రభావం పరిశీలించదగినది.

దూరమే అసలు సమస్య

2009లో దేశంలో వెనామీ సాగుకు అనుమతి లభించిన అనంతరం సాంద్ర సాగుతో పాటు ఏరియేటర్ల వినియోగమూ పెరిగింది. విదేశీ నమూనాలతో పాటు స్థానికంగా కూర్చినవీ వాడుకలో ఉన్నాయి. ఒక కంపెనీ భాగం మరో కంపెనీ యంత్రానికి సరిపోని సందర్భాలు అనేకం. తరచూ అమ్ముడయ్యే భాగాలనే దుకాణదారు నిల్వ చేస్తాడు. అరుదైన భాగం కావాలంటే టోకు వ్యాపారికో, దిగుమతిదారుకో కబురు పెట్టి వేచి ఉండాలి.

ఈ గొలుసులో ఎక్కడ లంకె తెగినా భారం రైతుపైనే పడుతుంది. 2021 మార్చిలో ఒక్క ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువ ఆరు రోజులు మూతపడగా ప్రపంచ సరుకు రవాణా అస్తవ్యస్తమైంది. 2020 మార్చిలో కోవిడ్ తీవ్రత వేళ ఇటలీలోని కియారీ ఆసుపత్రికి శ్వాస పరికరాల వాల్వులు సరఫరాదారు నుంచి అందకపోగా, స్థానిక సంస్థ వాటిని ముద్రించి ఇచ్చింది. సరుకు ప్రయాణించలేని చోట నమూనా ప్రయాణించగలదని ఆ ఘటన చాటింది.

పొరపై పొరగా తయారీ

అచ్చు అవసరం లేకుండా, కంప్యూటర్‌లోని నమూనా ప్రకారం పదార్థాన్ని పొరపై పొరగా పేర్చి వస్తువును రూపొందించడమే ఈ విధానం. దీని సత్తాను ఇస్రో నిరూపించింది. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశకు చెందిన పీఎస్4 ఇంజిన్‌ను ఈ పద్ధతిలో రూపొందించి, 2024 మే 9న 665 సెకన్ల పాటు విజయవంతంగా పరీక్షించింది. 14 భాగాలు ఒకే భాగంగా మారాయి. 19 అతుకులు తొలగిపోయాయి. 565 కిలోల లోహం అవసరమైన చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ సమయం 60 శాతం తగ్గింది. భాగాలు తగ్గితే వాటిని సమకూర్చే సరఫరాదారులు, నిల్వలు, తనిఖీలు కూడా తగ్గుతాయన్నది గమనార్హం.

అన్నింటికీ మందు కాదు

అయితే రాకెట్ ఇంజిన్‌కు వర్తించిన లెక్క ఏరియేటర్‌కు యథాతథంగా వర్తించదు. వేల సంఖ్యలో అవసరమయ్యే ఫ్యాన్లు, ఫ్లోట్లు అచ్చు పోసి తీయడమే చౌక. ముద్రణ ఉపయోగం అరుదుగా, అత్యవసరంగా కావలసిన ఒకటి రెండు భాగాలకే. సులభంగా లభించే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ సమీపంలో మెత్తబడుతుంది కనుక మోటారు పక్కన పనికిరాదు. నైలాన్ గట్టిదైనా తేమను పీల్చుకుంటుంది. పొరల మధ్య అతుకు బలహీనంగా ఉంటే ముద్రించిన పళ్లచక్రం భారానికి విరుగుతుంది. పరీక్షించని భాగాన్ని నమ్మి చెరువును వదిలేయడం, భాగమే లేకపోవడం కంటే ప్రమాదకరం.

పైగా సరఫరా గొలుసు అంతం కాదు, రూపు మార్చుకుంటుంది. వస్తువు బదులు ముడిపదార్థం, ముద్రణ యంత్రం, నమూనా ఫైలు బయటి నుంచి రావలసి ఉంటుంది. ఇతరుల నమూనాలను అనుమతి లేకుండా ముద్రిస్తే పేటెంట్ల చట్టం–1970, డిజైన్ల చట్టం–2000 కింద చిక్కులు తలెత్తవచ్చు.

చేపట్టవలసినది

కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన సంకలిత తయారీ జాతీయ వ్యూహం 2025 నాటికి ప్రపంచ మార్కెట్‌లో 5 శాతం వాటా, 100 అంకుర సంస్థలు, లక్ష మంది నిపుణులను లక్ష్యంగా నిర్దేశించింది. రాష్ట్రంలో 2025 ఆగస్టు 20న ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాజమహేంద్రవరంలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. భీమవరంలో 1980లో స్థాపితమైన ఎస్.ఆర్.కె.ఆర్. వంటి ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఏ భాగం ఎన్నిసార్లు విరుగుతోంది, ఎన్నాళ్లకు దొరుకుతోంది అన్న వివరాలను మత్స్యశాఖ, రైతు సంఘాలు, మెకానిక్‌లు కలిసి నమోదు చేయడం తొలి మెట్టు. ఆ జాబితాలోని భాగాలకు తయారీదారుల అనుమతితో నమూనాలు సిద్ధం చేసి, చెరువులో పరీక్షించిన వాటినే అందుబాటులో ఉంచడం రెండోది.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ధర రైతు చేతిలో లేదని స్పష్టమైంది. కనీసం నష్టాన్ని తగ్గించుకునే మార్గమైనా అతని చేతికి అందాలి. కంటైనర్‌లో రావలసిన చిన్న భాగం కట్ట దగ్గరకే రాగలిగిన నాడు ఈ పరిజ్ఞానం డెల్టాకు నిజంగా చేరినట్లు.