కత్తి మెరుపు – కథ బరువు

మధ్యాహ్న విరామ సమయంలో మా కళాశాల గ్రంథాలయం మెట్ల మీద కొందరు విద్యార్థులు గుమిగూడి నాలుగైదు దినాల పాటు తీవ్రంగా వాదించుకోవడం ఇటీవల మేము గమనించాము. వారిలో ఉర్దూ మాధ్యమం వారూ ఉన్నారు, తెలుగు మాధ్యమం వారూ ఉన్నారు. ఈ రెండు వర్గాలు ఒకే విషయం మీద ఇంత శ్రద్ధతో మాట్లాడుకోవడం అరుదు కావున, పరీక్ష రుసుము సంగతేమో అనుకొని దగ్గరకు వెళ్ళాము. తీరా విన్న తరువాత తెలిసినది, ఆ కలహమంతా ఇంకా వెలువడని ఒక కంప్యూటర్ ఆటను గురించినదని. పోలండ్ దేశంలో తయారవుతున్న ‘ది విచర్’ నాలుగవ భాగంలో చిత్రాలు మొదట చూపినంత అందంగా ఉంటాయా, ఉండవా? కత్తియుద్ధం బరువుగా ఉంటుందా, బొమ్మలాట వలె తేలిపోతుందా? ఈ రెండు ప్రశ్నల మీద రెండు పక్షాలు ఏర్పడినవి. ఇద్దరు ప్రాణమిత్రులు మాటలు మానుకునే దాకా వచ్చినది. అంతమందిలో ఆ ఆటను ఆడించగల యంత్రం ఇంట్లో ఉన్నవాడు ఒక్కడూ లేడు. అందరూ చూచినది చేతిలోని సెల్‌ఫోన్ తెర మీదనే.

ఇది కళాశాల సంచికలో వ్రాయదగిన విషయమా అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. వారు అడుగుట న్యాయమే. మా సమాధానం ఇది. అద్భుత కథల మీద మోజు మన పిల్లలకు పోలండ్ నుండి దిగుమతి కాలేదు. అమీర్ హంజా దాస్తాన్‌ను రాత్రుల తరబడి కూర్చుండి విన్నవారు మన పూర్వులే. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 1883 నుండి సంపుటాలుగా ప్రకటించిన ‘తిలిస్మె హోష్‌రుబా’ నిండా మాంత్రికులు, మాయానగరాలే. 1951లో ‘పాతాళభైరవి’కి తెలుగుదేశమంతా బండ్లు కట్టుకొని వెళ్ళినది. దాస్తాన్‌లను విచారించిన ఉర్దూ పండితులు వాటికి నాలుగు అంగాలు చెప్పుతారు. మొదటిది రజ్మ్, అనగా యుద్ధం. రెండవది బజ్మ్, అనగా సభ, విందు, మనుషుల మధ్య మాటామంతీ. మూడవది తిలిస్మ్, అనగా మాయాలోకం. నాలుగవది అయ్యారీ, అనగా మారువేషాలతో, యుక్తులతో పని సాధించే చాతుర్యం. రజ్మ్ ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. మళ్ళీ దీని వద్దకే వస్తాము.

ఆటను ఎరుగని వారి కొరకు కొంత పూర్వకథ చెప్పవలసి ఉన్నది. ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత 1986లో ఒక పత్రికలో కథ ప్రకటించాడు. కూలి పుచ్చుకొని రాక్షసులను వేటాడే గెరాల్ట్ అనేవాడు అందులో నాయకుడు. ఆ కథ పెరిగి నవలలైనది. వాటిని ఆధారం చేసుకొని సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ 2007లో మొదటి ఆటను, 2011లో రెండవదానిని, 2015లో మూడవదానిని తయారు చేసినది. వీటిని పాత్రధారణ క్రీడలు అంటారు. ఆటగాడు నాయకుని వేషం ధరించి తిరుగుతాడు, పోరాడుతాడు. అంతకంటె ముఖ్యంగా, నాయకుని తరపున నిర్ణయాలు తీసుకొని వాటి ఫలితం అనుభవిస్తాడు. మూడవ భాగం 2023 నాటికి 5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. నాలుగవ భాగంలో గెరాల్ట్ పెంచిన బిడ్డ సిరి నాయిక. ఇది 2026 ముగిసేలోగా రాదని సంస్థ 2025లోనే చెప్పినది.

ఇక చిత్రాల వాదం. 2024 డిసెంబరులో ఒక అవార్డుల సభలో ఈ ఆట మొదటి ట్రైలర్‌ను చూపినారు. అది ముందుగా గణించి పెట్టుకొన్న చలనచిత్రం. అటువంటి దానిలో ఒక్కొక్క బొమ్మకు యంత్రం ఎంత సేపైనా తీసుకొనవచ్చును. ఆటలో ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 60 బొమ్మలు చూపవలెనంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీ సెకన్లు. ఆటగాడు ఎటు తిరుగుతాడో ముందుగా తెలియదు. ఆ రెప్పపాటులోనే వెలుతురు, నీడ, వెంట్రుక, ఆకు, నీటి అల అన్నీ లెక్క కట్టవలెను. 2025 జూన్‌లో సంస్థవారు అమెరికాలోని ఓర్లాండోలో ఒక ప్రదర్శన ఇచ్చినారు. సామాన్యమైన ప్లేస్టేషన్ 5 యంత్రం మీద, సెకనుకు 60 బొమ్మల వేగంతో, మంచుకొండల నడుమ జనంతో కిటకిటలాడే సంతను చూపినారు. ఇది సాంకేతిక ప్రదర్శన మాత్రమే, ఆటలోని భాగం కాదని వారే స్పష్టం చేసినారు. ఆ హెచ్చరికను మా మెట్ల మీది పండితులలో ఒక పక్షం వినలేదు, రెండవ పక్షం నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం లేకపోలేదు. 2013 చివర మూడవ భాగానికి చూపిన దృశ్యాలు, 2015 మే నెలలో చేతికి వచ్చిన ఆట ఒకటిగా లేవని అభిమానులు ప్రక్క ప్రక్కన బొమ్మలు పెట్టి నిరూపించినారు. ప్రదర్శన నాటి చిత్రీకరణ పద్ధతి ఆ విశాలమైన ప్రపంచమంతటికీ పనికిరాలేదని, మార్చుకొనవలసి వచ్చినదని సంస్థవారు ఒప్పుకొన్నారు. అదే సంస్థ 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ అనే మరొక ఆటను విడుదల చేసినది. పాత తరం యంత్రాల మీద అది ఎంత అధ్వానంగా నడిచినదనగా, సోనీవారు తమ అంగడి నుండి ఆ నెలలోనే తొలగించినారు. 2021 జూన్ వరకు తిరిగి పెట్టలేదు. సంస్థ అధినేత బహిరంగంగా క్షమాపణ చెప్పుకొన్నాడు. కావున ప్రదర్శనను చూచి మురిసిపోకూడదన్న పక్షం మాటలో అనుభవం ఉన్నది. దానిని మేము గౌరవిస్తున్నాము.

పోరాటపు వాదం ఇంతకంటె సూక్ష్మమైనది. ఆటగాడు మీట నొక్కిన తక్షణమే కత్తి కదలవలెనని ఒక పక్షం అంటుంది. కత్తిని ఎత్తి, ఒడలు తిప్పి, బరువుతో వేటు వేసినట్లు కనబడవలెనని రెండవ పక్షం అంటుంది. కదలికను పూర్తిగా చూపితే మీటకు స్పందన ఆలస్యమవుతుంది. స్పందనను వేగిరం చేస్తే కదలిక తెగిపోయి వేటుకు బరువు తగ్గుతుంది. ఈ రెంటి నడుమ తూకం కుదర్చుటయే శిల్పుల పని. మొదటి భాగంలో సమయం చూచి మీట నొక్కుటయే యుద్ధం. ఆ పద్ధతి రుచించక ఎందరో మధ్యలోనే మానివేసినారు. మూడవ భాగంలో గెరాల్ట్ నడక బరువుగా, మందంగా ఉన్నదని అభిమానులు మొరపెట్టగా, 2015 జులైలో సంస్థవారు చురుకైన నడకను మరొక పద్ధతిగా జతచేసినారు. ఇష్టమైన వారు అది ఎన్నుకొనవచ్చును. ఫలానా చోట ఫలానా లోపమున్నదని, ఆడి చూచి, మర్యాదగా చెప్పిన విమర్శకు దొరికిన ఫలం అది.

‘సార్, కావ్యం చదివేది కండ్లతో, ఆట ఆడేది చేతులతో. చేతికి బాగుండకపోతే కథ దాకా ఎవడు వెళ్ళుతాడు?’ అని ఒక విద్యార్థి మమ్ము అడిగినాడు. మంచి ప్రశ్న. ఛందస్సు కుంటితే పద్యం చదవబుద్ధి కాదు గదా. అయితే ఛందస్సు నడిచినంత మాత్రాన పద్యం కవిత్వమవుతుందా? ఇక్కడనే ఆ నాలుగు అంగాలను తిరిగి తలచుకొనవలెను.

మూడవ భాగంలో ఒక జమీందారు ఉన్నాడు. త్రాగుబోతు. భార్యను కొట్టి ఆమె గర్భస్రావానికి కారకుడైనాడు. భార్యా కూతురూ ఇల్లు విడిచి పోయినారు. పేరు పెట్టకుండ, కర్మ చేయకుండ పూడ్చిన ఆ పిండం పిశాచమై రాత్రులు లేస్తుంది. గెరాల్ట్ వద్ద వెండి కత్తి ఉన్నది. దానితో పిశాచాన్ని చంపవచ్చును. చంపకుండ వేరొక దారీ ఉన్నది. ఆ జమీందారే ఆ వికృత రూపాన్ని చేతులలోనికి తీసుకొని, బిడ్డా అని పేరు పెట్టి, తన గడప క్రింద పూడ్చి, తన తప్పును తన నోటితో ఒప్పుకొనవలెను. అప్పుడు ఆ పిశాచం ఇంటిని కాపాడే శక్తిగా మారుతుంది. ఈ ఘట్టాన్ని ఆడినవారు పది సంవత్సరాలు గడిచినా చెప్పుకొంటున్నారు. వారు చెప్పుకొనేది కత్తి తిరిగిన వేగాన్ని గాదు. కత్తిని ఒరలోనే ఉంచుకొనే అవకాశం తమకు ఇచ్చినారని చెప్పుకొంటున్నారు. అక్కడ చిత్రకళ వ్యర్థమని మేము అనుట లేదు. జమీందారు ముఖంలో సిగ్గు కనబడకపోతే ఆ ఘట్టం నిలువదు. చిత్రం గాని, యుద్ధం గాని దేని కొరకు ఉన్నవో అది ఉన్నప్పుడే వాటికి వెల.

ఆ 2024 నాటి ట్రైలర్‌ను గురించి మరొక సంగతి. ఒక గ్రామంవారు ఒక పడుచు పిల్లను అడవిలోని రాక్షసునికి బలిగా పంపుతారు. సిరి అడ్డుపడి, ఆ పిల్లను వెనుకకు పంపి, రాక్షసునితో పోరాడి చంపుతుంది. తిరిగి వచ్చి చూస్తే ఆ పిల్ల శవమై ఉన్నది. బలి తప్పరాదని గ్రామస్థులే పొట్టన పెట్టుకొన్నారు. మా మెట్ల మీద సిరి విసిరిన గొలుసును గురించి ఒక గంట, ఆమె ముఖం వెనుకటి ఆటలోని ముఖం వలె ఉన్నదా లేదా అని మరొక గంట వాదం జరిగినది. వెనుక నిలబడి వింటున్న ఒక విద్యార్థిని మాత్రం మెల్లగా, ‘ఇంతకూ ఆ పిల్ల సంగతి ఎవరూ మాట్లాడరేం?’ అన్నది. కాసేపు ఎవరూ పలుకలేదు. రాక్షసుడు కత్తికి చచ్చినాడు గాని ఊరి మూఢత్వం చావలేదు. ఆరు నిమిషాల ఆ చిత్రం చెప్పదలచిన మాట అదే. రెండు పక్షాలవారూ దానిని పదేసి మార్లు చూచినారు. కాని ఆ మాటను ఆమె తప్ప ఎవరూ వినలేదు.

అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో కూడా చెప్పవలసి ఉన్నది. 2020లో ‘సైబర్‌పంక్’ విడుదలను మూడు మార్లు వాయిదా వేసినారు. అక్టోబరు వాయిదా నాడు ఆ ఆటను తయారు చేసేవారికి చంపుతామని బెదిరింపులు వచ్చినవి. అదే కాలంలో అక్కడి పనివారు వారానికి ఆరు దినాలు పని చేయవలసి వచ్చినది. యాజమాన్యం తప్పు లేదని మేము అనము. సిద్ధం కాని సరుకును సిద్ధమని అమ్మినది వారే. కాని వేగిరం కావలెనని బెదిరించిన చేతులు, తొందరలో వచ్చినదానిని చూచి తిట్టిన చేతులు వేరు కావు. మేకు కొట్టేవాని చేయి త్వరపెట్టి, మంచం కిర్రుమన్నదని వానినే నిందించడం ఏ ఊరి న్యాయం?

విద్యార్థి మిత్రులారా! మీరు వాదించడం మానుకొనవలెనని మేము చెప్పడం లేదు. ఒక కళాఖండాన్ని గురించి రెండు మతాలుగా చీలి, ఆధారాలు చూపి తర్కించుటయే సాహిత్య విమర్శకు మొదటి మెట్టు. తరగతిలో ప్రబంధాన్ని గురించి మీ చేత ఇంత మాట్లాడించలేకపోయినందుకు అధ్యాపకులుగా మేము కొంత సిగ్గుపడుతున్నాము కూడా. ఒక్క ప్రార్థన మాత్రం చేస్తున్నాము. తీర్పు చెప్పక ముందు చూచినది ఆటయా, ఆట ప్రకటనయా అని విచారించండి. బొమ్మ బాగున్నదా అని అడిగిన నోటితోనే, ఆ బొమ్మ ఎవరి గోడును చూపుతున్నదని అడగండి. కత్తి బరువుగా ఉన్నదా అని అడిగినప్పుడు, దానిని దించే దారి ఉన్నదా అని కూడా అడగండి.

కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. ఈ ఆటలు వ్యర్థమని నిషేధించినంత మాత్రాన పిల్లలు వాటిని విడువరు, దాచి చూస్తారు. అంతకంటె నెలకు ఒక సాయంకాలం దాస్తాన్‌కూ, పాతాళభైరవికీ, ఈ కొత్త ఆటలకూ కలిపి ఒక చర్చాగోష్ఠి ఏర్పాటు చేయించండి. ఒక గది, నాలుగు బల్లలు చాలును. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని చేతనే మొదటి గోష్ఠికి ప్రారంభోపన్యాసం చేయించవలెనని మా కోరిక.

మాటలు మానుకొన్న ఆ ఇద్దరు మిత్రులు నిన్న క్యాంటీన్‌లో ఒకే బల్ల వద్ద కనబడినారు. సంధి కుదిరినదా అని అడిగితే, ‘లేదు సార్, ఆట వచ్చిన తరువాత తేల్చుకొంటాము’ అన్నారు. అంతవరకు వారి చాయ్ డబ్బులు మేమే ఇచ్చి వచ్చాము.